వీధి మలుపులో చిన్న పార్కు: ముందు ముగ్గుపిండితో గీసి చూడండి

మీరు అడిగినదాని సారాంశం ఇదీ. అమ్మాయి దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినప్పుడు, రోడ్డు పక్కన కార్లు ఆపే చోట చెక్క బల్లలు, మొక్కల తొట్లు పెట్టి ఉండడం, వాటిలో దారిన పోయేవాళ్ళు తీరిగ్గా కూర్చోవడం చూశారు. హైదరాబాద్ శివార్లలోని మీ కాలనీలో మూడు వీధులు కలిసే చోట అవసరానికి మించిన వెడల్పు ఉంది. అక్కడ అలాంటిదే ఒక చిన్న పార్కు చేసుకోవాలని మీ సంక్షేమ సంఘం ఆలోచన. అనుమతి ఎవరు ఇస్తారు, ఖర్చు ఎంత, కార్లు ఆపుకునే ఇళ్ళవాళ్ళు అడ్డుపడితే ఏం చేయాలి, చుట్టూ ఇనుప జాలీ కట్టి పచ్చిక వేస్తే సరిపోతుందా అన్నవి మీ ప్రశ్నలు.

చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్తాను: జాలీ వద్దు, పచ్చిక అంతకన్నా వద్దు. పురపాలక ఇంజనీరింగ్ విభాగంలో రోడ్లు, కాలువల పనులు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. వీధిలో పార్కు చేయాలనే సంఘాలు చాలా వరకు శంకుస్థాపనతో మొదలుపెట్టడం చూశాను. పని మొదలుకావలసింది అక్కడ కాదు. ఒక్క రోజులో తీసేయగలిగేలా మొదలుపెట్టండి. మీ అనుమానాల్లో సగానికి అదే సమాధానం. ఎందుకో వివరిస్తాను.

మీరు చూసినవాటి పుట్టుకే అలాంటిది. 2005 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో రీబార్ అనే డిజైనర్ల బృందం మిషన్ స్ట్రీట్‌లో ఒక పార్కింగ్ మీటరులో నాణేలు వేసి, కారు ఆపవలసిన చోట పచ్చిక పరిచి, ఒక బెంచీ వేసి, తొట్టిలో చెట్టు పెట్టింది. మీటరు గడువు రెండు గంటలు. గడువు కాగానే అన్నీ చుట్టేసి, చోటు ఊడ్చి వెళ్ళిపోయారు. అద్దె కట్టింది చోటుకే కదా, అందులో కారే నిలబెట్టాలని ఎక్కడుంది అన్నది వాళ్ళ వాదన. ఆ తరువాత ఏటా సెప్టెంబరు మూడో శుక్రవారం అనేక దేశాల్లో దీన్ని ఒక రోజు పండుగలా చేస్తున్నారు. 2010 నాటికి నగర పాలక సంస్థే ముందుకు వచ్చి, 'పార్క్‌లెట్' అనే పేరుతో అనుమతులు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ తొలి అనుమతుల షరతులు చూస్తే మనం నేర్చుకోవలసింది తెలుస్తుంది. కట్టే ఖర్చు, ఊడ్చే బాధ్యత, ప్రమాద బీమా అన్నీ అడిగినవాళ్ళవే. అనుమతిని ఏటా కొత్తగా తీసుకోవాలి. కింద పైపు పని వచ్చినా, మరో అవసరం పడినా నగరం తీసేయమంటే తీసేయాలి. కాఫీ దుకాణం తన డబ్బుతో కట్టినా అక్కడ ఎవరైనా కూర్చోవచ్చనీ, ఏదీ కొననవసరం లేదనీ అప్పటి నియమం. ఆ సంగతి చెప్పే బోర్డు తప్పనిసరి. తొలి రోజుల్లో అక్కడికి వెయిటరు వచ్చి వడ్డించడానికి కూడా వీల్లేదు. వేదిక కాలిబాటతో సమంగా ఉండాలి, చక్రాల కుర్చీ ఆగకుండా ఎక్కాలి. అంచు రాయి పక్కన పారే వాననీటికి అడ్డు రాకూడదు. వాహనాల వేగ పరిమితి గంటకు 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు దాటిన వీధుల్లోనూ, బాగా వాలుగా ఉన్న చోట్లా మామూలుగా ఒప్పుకోరు. వీధి మూలకు ఆనుకుని పెట్టనివ్వరు, కనీసం ఒక కారు ఎడం ఉండాలి.

2020లో కరోనా వచ్చాక కథ మలుపు తిరిగింది. లోపల కూర్చోబెట్టడానికి వీల్లేని హోటళ్ళన్నీ రోడ్డు మీద భోజనశాలలు కట్టుకున్నాయి. నగరమూ ఒప్పుకుంది. మరుసటి సంవత్సరం ఆ ఏర్పాటును శాశ్వత విధానం చేసి, అందరికీ తెరిచి ఉంచేవాటినీ వ్యాపారానికి వాడుకునేవాటినీ వేరు వేరు తరగతులుగా విడగొట్టారు. నా ఉద్దేశంలో అసలు ఆలోచన అక్కడ కొంత పలచబడింది. మన ఊళ్ళలో అయితే అంత కాలం కూడా పట్టదు. మీ మలుపులో టిఫిన్ సెంటరు ఉంటే నెల తిరగకుండా ఆ బల్లలు ఆయన బల్లలైపోతాయి. అందుకే 'ఎవరైనా కూర్చోవచ్చు' అన్న బోర్డు ఖర్చు మొట్టమొదటి ఖర్చుగా రాసుకోండి.

ఇక మన చట్టం సంగతి. వీధి మీ సంఘానిది కాదు, ఎదురింటివాళ్ళది కాదు, కార్పొరేటరుగారిది అంతకన్నా కాదు. రోడ్డు స్థలం పురపాలక సంస్థ అధీనంలో ఉంటుంది, అది కూడా జనం రాకపోకల కోసం. దాన్ని శాశ్వతంగా మరో పనికి మార్చాలంటే చాలా తతంగం ఉంది. గునపం దింపి పునాది తీశారంటే, ఒక్క ఇంటాయన హైకోర్టుకు వెళ్తే చాలు, పని ఆగిపోతుంది. అదే తొట్లు, బల్లలు, రంగు గీతలు అయితే అది ట్రాఫిక్ ఏర్పాటు కిందికి వస్తుంది. రోడ్డు మధ్య కోన్లు పెట్టడానికీ ఇనుప బారికేడ్లు పెట్టడానికీ ఇచ్చే మౌఖిక సమ్మతిలాంటిదే కాస్త పెద్ద ఎత్తున, కాగితం మీద, గడువుతో అడుగుతున్నారన్న మాట. అధికారికి కూడా సంతకం పెట్టడానికి చెయ్యి ఆడుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. మీ కాలనీ ఆమోదిత లేఅవుట్ నకలు తెప్పించండి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఇచ్చిందో, అంతకు ముందు పట్టణ ప్రణాళికా విభాగం (డీటీసీపీ) ఇచ్చిందో, మీ పాత దస్తావేజుల్లోనే ఉండవచ్చు. పార్కు కోసం వదిలిన స్థలం అందులో ఆకుపచ్చ రంగుతో కనిపిస్తుంది. అది ఇవాళ ఏమైంది? ఎవరో షెడ్డు వేసుకున్నారా, ఇసుక, ఇటుకలు పోసుకున్నారా, ప్లాట్లుగా మారిందా? అలాంటి స్థలం ఉంటే వీధి మలుపు గురించి ఆలోచించే ముందు దాని కోసం పోరాడండి. హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించడానికి 2024లో ఏర్పడిన హైడ్రాకు వెళ్ళే ఫిర్యాదుల్లో పార్కు స్థలాల ఆక్రమణలకు సంబంధించినవి తక్కువేమీ కాదు. అలాగే మీరు రోడ్డు అనుకుంటున్న ఆ మూడు కోణాల జాగా నిజంగా రోడ్డేనా, ఏదైనా సర్వే నంబరు తాలూకు మిగులు ముక్కా అన్నది కూడా ఆ నకలులోనే తేలుతుంది. ప్రైవేటు ముక్క అయితే మీ తొట్లకు మర్నాడే నోటీసు వస్తుంది.

స్థలం రోడ్డేనని తేలాక ఎంత జాగా తీసుకోవచ్చు? దీనికి టేపు కన్నా ముందు కళ్ళు వాడండి. చలిదేశాల్లో మంచు పడినప్పుడు బండ్ల చక్రాలు తిరిగిన మేర మంచు కరిగి, తిరగని చోట తెల్లగా మిగిలిపోతుంది. వీధి మూలల్లో ఎంత రోడ్డు వృథాగా పడి ఉందో దాన్ని చూపించి అక్కడి కార్యకర్తలు వాదిస్తారు. మనకు మంచు లేకపోయినా ఇసుక ఉంది. వాన వెలిసిన రెండో రోజు పొద్దున్నే మీ మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడండి. చక్రాలు తిరిగే దారి నల్లగా, శుభ్రంగా ఉంటుంది. తిరగని చోట సన్నని ఇసుక మేట వేసి, రాలిన వేపాకులు, పాన్ మసాలా పొట్లాలు, కంకర పలుకులు ఒక వంపుగా పేరుకుని ఉంటాయి. ఆ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడండి. ఆ జాగాను వాహనాలు ఎప్పుడో వదిలేశాయి, మీరు కొత్తగా లాక్కునేదేమీ లేదు. రెండు మూడు వానల తరువాత కూడా వంపు అక్కడే ఉంటే అదే మీ పార్కు సరిహద్దు. ఫోనుతో ఫొటోలు తీసి దాచండి. కమిషనరుగారి ముందు పది పేజీల వినతిపత్రం కన్నా అవి బాగా మాట్లాడతాయి.

తరువాత ముగ్గుపిండి. ఇసుక చూపిన గీత వెంట రాత్రి పది దాటాక గీత గీయండి. నాలుగు పాత టైర్లు, రెండు ఖాళీ డ్రమ్ములు పెట్టి, రాత్రి మెరిసే టేపు చుట్టండి. ట్రాఫిక్ పోలీసు స్టేషనులో ముందే చెప్పి ఉంచండి. ఒక వారం అలా ఉంచి, ఎవరెవరికి ఇబ్బంది అయిందో రాసుకోండి. స్వచ్ఛ ఆటో, పాల వ్యాను ఎలాగోలా తిరిగిపోతాయి. చూడవలసింది స్కూలు బస్సు, నీళ్ళ ట్యాంకరు, ఇల్లు కట్టేవాళ్ళకు ఇసుక తెచ్చే లారీ. బస్సు ఒక్కసారిలో తిరగలేక వెనక్కి వచ్చి మళ్ళీ తిరుగుతోందంటే గీతను లోపలికి జరపండి. అంబులెన్సు, అగ్నిమాపక శకటం విషయం మాత్రం ఊహకు వదలకండి. దగ్గరి ఫైర్ స్టేషను అధికారిని పిలిచి, చోటు చూపించి, ఆయన చెప్పిన వెడల్పును కాగితం మీద రాయించుకోండి. ఆ ఒక్క కాగితం ఉంటే అడ్డుపడేవాళ్ళ నోళ్ళు సగం మూతపడతాయి.

న్యూయార్క్‌లో చేసింది కూడా ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున. 2009 మే చివర్లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్వే మీద 42 నుంచి 47వ వీధి దాకా కార్లు రాకుండా ఆపేసి, అనుకున్న కుర్చీలు సమయానికి రాకపోవడంతో మామూలు పెరటి మడత కుర్చీలు తెచ్చి పడేశారు. జనం వచ్చి కూర్చున్నారు. అప్పటి రవాణా కమిషనరు జానెట్ సాదిక్ ఖాన్ దాన్ని ప్రయోగం అనే పిలిచారు. లెక్కలు చూసుకుని మరుసటి సంవత్సరం శాశ్వతం అన్నారు, రాళ్ళు పరిచే పని ఆ తరువాత ఏళ్ళ తరబడి సాగింది. ఇటలీలోని మిలాన్ నగరం 2018 నుంచి వాడల్లోని కూడళ్ళలో తారు మీద రంగులు వేసి, తొట్లు, బెంచీలు, టేబుల్ టెన్నిస్ బల్లలు పెడుతూ వచ్చింది. ముందు కుర్చీ, తరువాత రాయి. మన దగ్గర వరస తిరగబడుతుంది: ముందు గ్రానైట్ శిలాఫలకం, దాని మీద పేర్లు, ఆ తరువాత ఎప్పుడో కుర్చీ.

కార్ల గొడవ దగ్గరికి వద్దాం. ఒక కారు ఆగడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు కావాలి. రెండు కార్ల చోటంటే 25 చదరపు మీటర్లు. అంత జాగాలో పది పన్నెండు మంది హాయిగా కూర్చోవచ్చు. ఈ లెక్క సమావేశంలో చెప్తే చప్పట్లు పడతాయి కానీ, కారు ఆపుకునే ఆయన మనసు మారదు. ఆయన్ను సమావేశానికి పిలిచి పది మందిలో నిలదీయకండి. పట్టుదలకు పోతాడు. ఇద్దరు పెద్దవాళ్ళు ఇంటికి వెళ్ళి, 'అన్నయ్యగారూ, నెల రోజులు చూద్దాం, మీకు ఇబ్బంది అనిపిస్తే మేమే తీసేస్తాం' అనండి. అన్నట్టే తీసేయడానికి సిద్ధంగా ఉండండి. తీసేయగలిగేదిగా ఉంటేనే ఆ మాటకు విలువ. కాంక్రీటు దిమ్మె కట్టి ఆ మాట అంటే ఎవరూ నమ్మరు.

ఇంకో సంగతి మీ సంఘంలో ఎవరూ ఎత్తరు కనుక నేను ఎత్తుతాను. మీ వీధిలో ఇంటి ముందు ర్యాంపులు ఎంత దూరం రోడ్డు మీదికి వచ్చాయో కొలవండి. ప్రహరీ బయట మూడు నాలుగు అడుగులు ఇనుప జాలీ కట్టి సొంత పూలతోట వేసుకున్న ఇళ్ళెన్నో లెక్కపెట్టండి. మన కాలనీల్లో వీధి జాగాను పార్కుగా మార్చడం ఎప్పుడో మొదలైంది, కాకపోతే ఎవరి ఇంటి ముందు వాళ్ళకే. నడిచేవాళ్ళు ఆ జాలీలను తప్పించుకుంటూ రోడ్డు మధ్యకు వస్తున్నారు. మీ సంఘం పెద్దల జాలీలు అలాగే ఉంచి, కారు ఆపుకునే ఆయన్ను మాత్రం త్యాగం చేయమంటే ఎవరూ హర్షించరు. ముందు అధ్యక్షులవారి జాలీ తీయించండి, మిగతా పని చాలా తేలికవుతుంది.

కాలిబాట ఉంటే దాన్ని మాత్రం ముట్టుకోకండి. కాలిబాట మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ అయిన భారతీయ రోడ్ల కాంగ్రెస్ లెక్క ప్రకారం కాలిబాటలో అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మీ పార్కు కార్ల జాగాలో రావాలి తప్ప నడిచేవాళ్ళ జాగాలో కాదు.

ఇప్పుడు నా వృత్తి విషయం, వాననీరు. వీధి పార్కులు చెడిపోయే అసలు కారణం ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. తారు రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. వాన పడితే నీళ్ళన్నీ అంచు రాయి పక్కన చేరి, దాని వెంటే పారి క్యాచ్‌పిట్‌లో, అంటే వాననీటి కాలువలోకి దించే గుంటలో పడతాయి. మీరు పార్కు పెట్టే చోటు సరిగ్గా ఆ దారి మీదే. అక్కడ మట్టి పోసి, పేవర్ బ్లాకులు పరిచి, చుట్టూ ఇటుక గట్టు కడితే వీధికి ఆనకట్ట కట్టినట్టే. మొదటి పెద్ద వానకు మోకాలి లోతు నీళ్ళు ఎదురింటి సెల్లారులోకి వెళ్తాయి. మర్నాడు గునపాలు మీ పార్కు మీద పడతాయి.

అందుకని రోడ్డు మట్టం మార్చకండి. తొట్లు కాళ్ళ మీద నిలబడాలి, కనీసం నాలుగు వేళ్ళ ఎత్తున, కింద నుంచి నీళ్ళు పోయేలా. కాలిబాటకు సమంగా వేదిక వేసుకుంటే అంచు రాయి పక్కన జానెడు మేర కింద ఖాళీ వదలండి, ఆ మేర పలకలు తాళం లేకుండా పైకి ఎత్తగలిగేలా ఉండాలి. ఎందుకంటే ఆ సందులోకి ఆకులు, ప్లాస్టిక్ సంచులు చేరి రెండు నెలల్లో పూడిక పడుతుంది. చీపురు పట్టే మనిషికి చెయ్యి దూరకపోతే ఆ సందు కాస్తా దోమల కార్ఖానా అవుతుంది. మ్యాన్‌హోల్ మూత, మంచినీటి వాల్వు ఛాంబరు మీద ఏదీ పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మలుపు అయితే దానికి దూరంగా జరగండి, పిల్లలు ఆడే చోటు అది. ఇవన్నీ చూసుకుంటే మీ వార్డు ఇంజనీరు అభ్యంతరం చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

జాలీ గురించి మొదట్లో ఖండితంగా చెప్పాను, కారణం చెప్పాలి. కృష్ణా తీరంలో ఒక పట్టణంలో ఇలాంటి మూడు కోణాల జాగానే అందంగా తీర్చారు. చుట్టూ నడుమెత్తు జాలీ, ఒక గేటు, గేటుకు తాళం. తాళంచెవి ఒకాయన దగ్గర. పొద్దున ఆరింటికి తీసి ఎనిమిదింటికి వేసేవాడు, సాయంత్రం తీయడం క్రమంగా మానేశాడు. బయటి నుంచి చూడడానికి తప్ప ఎవరికీ అక్కరకు రాలేదు. ఎవరూ వాడని చోటును ఎవరూ కాపాడరు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి లోపల వయ్యారిభామ నడుమెత్తు పెరిగింది. ఒక తెల్లవారుజామున జాలీ ఒక పక్క విరిచి, మధ్యలో సిమెంటు దిమ్మె లేచింది. దిమ్మె ఎందుకు లేచిందో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. రహదారులు, కాలిబాటల మీద కొత్తగా ప్రార్థనా నిర్మాణాలు రానివ్వవద్దని 2009లో, విగ్రహాలకూ అనుమతి ఇవ్వవద్దని 2013లో సుప్రీంకోర్టు స్పష్టంగానే ఆదేశించింది. అయినా ఒకసారి ముసుగు కప్పిన విగ్రహం వచ్చి కూర్చుందంటే, దాన్ని కదిలించే ధైర్యం ఏ అధికారికీ ఉండదు. దానికి మందు జాలీ కాదు, రోజంతా అక్కడ మనుషులు ఉండడం. మధ్యలో దిమ్మెకు అనువైన ఖాళీ గుండ్రం కనిపించకుండా బల్లలు వేయడం కూడా కొంత పని చేస్తుంది.

అయితే పూర్తిగా నింపేయకండి. వినాయక చవితికి మీ కాలనీ మండపం ఎక్కడ వేస్తున్నారు? బతుకమ్మ ఎక్కడ ఆడుతున్నారు? నా అంచనా తప్పకపోతే ఈ మలుపులోనే. కాలనీలో అంత వెడల్పు మరెక్కడా ఉండదు మరి. ఆ జాగాను మొక్కలతో నింపితే భాద్రపదం వచ్చేసరికి మొక్కలే ఓడిపోతాయి. బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరిగేంత జాగా మామూలు నేలగానే వదిలి, బల్లలూ తొట్లూ అంచుల్లో పెట్టుకోండి. పండుగకు జరపగలిగిన తొట్లయితే మరీ మంచిది. ఆ నేల మీద పిల్లలు రోజూ తొక్కుడుబిళ్ళ గీసుకుంటారు, ముసలివాళ్ళు నడుస్తారు. పచ్చిక వేస్తే 'తొక్కరాదు' అని బోర్డు పెట్టాలి, నీళ్ళ ట్యాంకరు కొనాలి. శివారు కాలనీలో వేసవిలో తాగడానికే ట్యాంకరు కొంటూ పచ్చికకు నీళ్ళు పోయడం నాకు మింగుడు పడదు.

కూర్చునే బల్లలకు శాన్‌ఫ్రాన్సిస్కోలోలా చెక్క వాడకండి. మన ఎండకు, వానకు, చెదకు నిలవదు. తాండూరు బండ లేదా కడప నాపరాయి, అంచులు నున్నగా తీసి, రెండు రాతి దిమ్మెల మీద పరిస్తే చాలు. మోకాలి ఎత్తు ఉండాలి. మరీ కిందికి ఉంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు లేవలేరు. ఒకటి రెండింటికి వీపు ఆనుకునే ఏర్పాటు, పట్టుకుని లేవడానికి చేతి కమ్మీ పెట్టండి. ఎదురెదురుగా రెండు, విడిగా ఒకటి వేయండి. ఒంటరిగా పేపరు చదువుకునేవాళ్ళూ ఉంటారు. నీడ లేనిదే మన దగ్గర ఏ బల్ల మీదా పదకొండు తరువాత ఎవరూ కూర్చోరు. పశ్చిమం వైపు నీడ ముఖ్యం, జనం వచ్చేది సాయంత్రాలే.

చెట్టు కోసం తొట్టి చాలదు, నేల కావాలి. రోడ్డు అంచు ఆవల, నడకకు అడ్డు రాని మట్టి ఉన్న చోట కానుగ గానీ వేప గానీ పెట్టండి. మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు పడనివ్వకండి. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించవలసి వచ్చిందంటే మన మేస్త్రీల ఉత్సాహం ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు. నర్సరీవాళ్ళు త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అంటగడతారు, తీసుకోకండి. గుజరాత్ 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. ఏడాకులపాల కూడా కూర్చునే చోట వద్దు. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖలో విరివిగా నాటిన ఆ చెట్లు పూతకు వచ్చినప్పుడు ఆ ఘాటు వాసనకు జనం ఎంత విసుక్కుంటారో అక్కడి బంధువులను అడగండి.

ఆ మలుపులో ఇప్పటికే మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడో, పానీపూరీ బండో ఉందా? ఉంటే పార్కు పేరుతో వాళ్ళను తరమకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకు రక్షణ ఇస్తోంది, ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. చట్టం సంగతి అటుంచినా, చీకటి పడ్డాక ఆ మలుపులో దీపం, మనిషి ఉండేది ఆ బండి వల్లే. తాగుబోతులు చేరతారన్న మీ భయానికి సీసీ కెమెరా కన్నా కంకుల బండి మంచి విరుగుడు. ఆవిడకు ఒక చెత్త డబ్బా అప్పగించి, ఒక మూల ఖాయం చేయండి.

తీసేయగలిగేదిగా చేయడానికి ఒక నష్టం ఉంది, అదీ చెప్పాలి. నిఘా తగ్గితే వాహనాలు అంతే సులువుగా వెనక్కి వస్తాయి. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో 2020 నవంబరు నుంచి కొన్ని నెలలు వారాంతాల్లో వాహనాలు రానివ్వలేదు. జనానికి నచ్చింది, అయినా గడువు తీరగానే కార్లు తిరిగి వచ్చాయి. హైదరాబాద్‌లో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు జనానికి వదిలినప్పుడు వచ్చిన స్పందన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ చోటు కూడా వారానికి ఒక్క పూటే దక్కింది. అందుకే మీ అనుమతికి గడువు రాసుకున్నప్పుడే, గడువు తీరే ముందు ఎవరు కొలిచి, ఎవరు పొడిగింపు అడగాలో కూడా రాసుకోండి. ఆ బాధ్యత 'సంఘం' అని రాయకండి. మనుషుల పేర్లు రాయండి.

ఊడ్చే విషయం కూడా అంతే. ఆ వీధికి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలితోనూ, పైన ఉండే ఫీల్డ్ అసిస్టెంటుతోనూ ముందే మాట్లాడండి. బల్లల కింద ఊడవడం ఆవిడకు అదనపు పని. నెలకింత అని సంఘం నుంచి కలపడం న్యాయం. కాలనీల్లో చెత్త పడేసే మూలలను శుభ్రం చేసి ముగ్గులు వేస్తుంటారు, చూసే ఉంటారు. ముగ్గు ఉన్నంత కాలం చెత్త పడదు, చెరిగిన మర్నాడు మొదటి సంచి వచ్చి పడుతుంది. మీ పార్కుకూ అదే సూత్రం వర్తిస్తుంది.

ఖర్చు గురించి క్లుప్తంగా: రాతి బల్లలు, తొట్లు, రంగు, వంగి లేచే ప్లాస్టిక్ స్తంభాలు, రెండు బోర్డులు, ఇంతే. వార్డు ఇంజనీరు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల ప్రకారం అంచనా వేసి ఇస్తారు, అడగండి. ఇంటింటి చందాతో తేలిపోయే పని ఇది. ఎమ్మెల్యే నిధి కోసం ఎదురు చూడకండి. వస్తే శిలాఫలకం కూడా వస్తుంది.

అర్జీ కార్పొరేషను డిప్యూటీ కమిషనరు పేరున రాసి, ట్రాఫిక్ పోలీసులకు, అర్బన్ బయోడైవర్సిటీ విభాగానికి నకళ్ళు ఇవ్వండి. 'పార్కు మంజూరు చేయగలరు' అని రాయకండి. ఆ మాట చూడగానే ఫైలు భూముల విభాగానికి వెళ్ళి అక్కడే నిద్రపోతుంది. 'ఫలానా కూడలిలో రహదారి భద్రత కోసం ఆరు నెలలు తాత్కాలికంగా, రోడ్డు తవ్వకుండా, కదిలించగల తొట్లు, బల్లలు ఉంచుకోవడానికి అనుమతి. ఎప్పుడు కోరినా 24 గంటల్లో తొలగించగలం' అని రాయండి. వాన తరువాత తీసిన ఇసుక ఫొటోలు, ఫైర్ అధికారి రాసిన వెడల్పు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ సంతకాలు, చేత్తో గీసిన పటం జత చేయండి. సంతకాల్లో కారు ఆపుకునే ఆయనది మొదట ఉండేలా చూడండి. ఇప్పుడు మొదలుపెడితే ఈ వానల్లోనే ఇసుక గీత దొరుకుతుంది. ముగ్గుపిండి పని మాత్రం వానలు వెనకపట్టాక, బతుకమ్మ, దసరా సందడి కూడా ముగిశాక పెట్టుకోండి.